చిన్న బోర్డు మీద పాత ఆటలు: రాస్ప్‌బెర్రీ పైలో చిక్కు ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది

మెమరీ చిప్‌ల ధరలు పెరగడంతో 2025 డిసెంబర్‌లో రాస్ప్‌బెర్రీ పై కంపెనీ తన అరచేతి సైజు కంప్యూటర్ బోర్డుల్లో కొన్నిటి రేట్లు పెంచింది. అదే రోజు పై 5లో 1 జీబీ ర్యామ్ రకాన్ని 45 డాలర్లకు విడుదల చేసింది. దాంతో పాత వీడియో గేముల కోసం బోర్డు కొనాలనుకునేవాళ్ల ముందు ఒక ప్రశ్న నిలబడింది. 1 జీబీ చాలా, లేక అప్పోసప్పో చేసి 8 జీబీ కొనాలా?

పాత ఆటల మటుకు 1 జీబీ చాలు. మొదటి ప్లేస్టేషన్‌లో ఉన్న మెయిన్ మెమరీ 2 ఎంబీ. నింటెండో 64లో 4 ఎంబీ. ఇళ్లలో బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించుకున్న 8 బిట్ టీవీ గేముల్లో అయితే 2 కేబీ. వీటిని అనుకరించడానికి గిగాబైట్లు అక్కర్లేదు. ఆట నత్తనడక నడిచినా, ఆర్కేడ్ గేమ్ (నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల ఆట) తెరుచుకోకుండా మెనూకి తిరిగొచ్చినా ర్యామ్ కారణమయ్యేది చాలా అరుదు. అసలు కారణాలు పవర్ వైరులోనో, ఫైలు వెర్షన్‌లోనో, టీవీ సెట్టింగుల్లోనో ఉంటాయి. బోర్డు మార్చితే అవి పోవు.

ఎమ్యులేటర్, కోర్, రోమ్, బయోస్: ఏది ఏమిటి

ఎమ్యులేటర్ అంటే పాత గేమ్ యంత్రంలోని చిప్‌లు చేసే పనిని సాఫ్ట్‌వేర్‌తో చేసి చూపించే ప్రోగ్రామ్. రోమ్ అంటే క్యాసెట్‌లోని చిప్ నుంచి తీసిన డేటా, అంటే ఆట. సీడీ ఆటలైతే ఆ డిస్క్ నకలు. బయోస్ అంటే యంత్రం ఆన్ చేయగానే మొదట నడిచే చిన్న ప్రోగ్రామ్. క్యాసెట్ యంత్రాల్లో చాలావాటికి దాని అవసరమే లేదు, ప్లేస్టేషన్ లాంటి సీడీ యంత్రాలకు ఉంటుంది.

తికమక మొదలయ్యేది వీటి పైపొరల దగ్గర. రెట్రోఆర్చ్ అనేది ఒక చట్రం. చాలా ఎమ్యులేటర్లను దానిలో ఇమిడేలా మార్చి రాశారు, అలా మార్చినవాటినే కోర్‌లు అంటారు. జాయ్‌స్టిక్ సెట్టింగులు, సేవ్ చేయడం, తెర కొలతలు రెట్రోఆర్చ్ చూసుకుంటుంది. ఆటను నడిపేది కోర్. మనం కళ్లతో చూసే ఆటల జాబితా మెనూ మళ్లీ వేరు, దాని పేరు ఎమ్యులేషన్‌స్టేషన్. రెట్రోపై, బటోసెరా, రికాల్‌బాక్స్ అనేవి రెట్రోఆర్చ్, కోర్‌లు, ఈ మెనూ మూడింటినీ కలిపి మెమరీ కార్డు మీద పెట్టుకునేలా ఇస్తాయి. లక్కా మాత్రం ఎమ్యులేషన్‌స్టేషన్ లేకుండా రెట్రోఆర్చ్ సొంత మెనూతోనే వస్తుంది. ఏదైనా ఇబ్బంది వస్తే అది ఏ పొరలో ఉందో ముందు తేల్చుకోవాలి. మెనూలో ఆట పేరే కనిపించలేదంటే ఫైలు ఫోల్డర్ తప్పు. పేరు కనిపించి, నొక్కితే వెనక్కి వచ్చిందంటే కోర్‌కి ఆ ఫైలు నచ్చలేదు. ఆట నడిచి బటన్లు పనిచేయలేదంటే రెట్రోఆర్చ్ సెట్టింగ్.

ఏ బోర్డు ఎంతవరకు: 16.7 మిల్లీసెకన్ల లెక్క

పాత ఆట సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తుంది. అంటే ఒక్కో ఫ్రేముకి ఎమ్యులేటర్ చేతిలో ఉండే సమయం 16.7 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ పని, బొమ్మ గీయడం, శబ్దం అన్నీ ఆలోపే పూర్తవాలి. 12లో పూర్తయితే హాయిగా నడుస్తుంది. 18 పట్టిందనుకోండి, ఆట నెమ్మదించడమే కాదు, శబ్దం చిటపటలాడుతుంది. చాలా సందర్భాల్లో చెవికి తెలిసిన తర్వాతే కంటికి తెలుస్తుంది.

ఈ పనిలో ఎక్కువ భాగం ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే, ప్రాసెసర్‌లోని నాలుగు కోర్‌లకు (ఇవి రెట్రోఆర్చ్ కోర్‌లు కావు, ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు) పంచిపెట్టడం కుదరదు. అందుకే ర్యామ్ కన్నా, కోర్‌ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగం ముఖ్యం. పై 3 బి ప్లస్‌లో కార్టెక్స్ ఏ53 రకం 1.4 గిగాహెర్ట్జ్, పై 4లో ఏ72 రకం 1.5, పై 5లో ఏ76 రకం 2.4. గిగాహెర్ట్జ్ అంకెలు చూపించే తేడా కన్నా అసలు తేడా ఎక్కువ, ఎందుకంటే ఒక్కో తరం ఒక్కో టిక్కులో చేసే పని కూడా పెరిగింది.

8 బిట్, 16 బిట్ ఆటలకు, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి, ప్లేస్టేషన్‌కి 512 ఎంబీ ర్యామ్ ఉన్న జీరో 2 డబ్ల్యూ అనే చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డు కూడా చాలు. ప్లేస్టేషన్ అంత చిన్న బోర్డు మీద ఎలా నడుస్తుందంటే, పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే కోర్ పాత ప్రాసెసర్ ఆదేశాలను ఒక్కొక్కటిగా చదవదు. ముక్కలుముక్కలుగా ఏఆర్‌ఎమ్ భాషలోకి, అంటే పై ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఆదేశాల్లోకి, ఒకసారి మార్చి దాచుకుని, మళ్లీ అవసరమైనప్పుడు దాన్నే వాడుతుంది. నింటెండో 64 దగ్గర కథ మారుతుంది. దాని గ్రాఫిక్స్ చిప్‌కి ఆటల కంపెనీలు సొంత మైక్రోకోడ్ (ఆ చిప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్) రాసుకునే వీలుండేది. ఎమ్యులేటర్ అడ్డదారిలో ఊహించి గీస్తే వేగం వస్తుంది, కొన్ని ఆటల్లో బొమ్మ చెడుతుంది. చిప్‌ను ఉన్నదున్నట్టు అనుకరిస్తే బొమ్మ బాగుంటుంది, వేగం పోతుంది. పై 4 మీద చాలావరకు బాగానే ఆడొచ్చు, అన్నీ కాదు. సెగా శాటర్న్‌లో రెండు ప్రధాన ప్రాసెసర్లు ఒకదానితో ఒకటి లయ తప్పకుండా నడవాలి కాబట్టి పై 4కి అది భారం. డ్రీమ్‌కాస్ట్, పీఎస్‌పీ కావాలంటే పై 5 మంచిది. ప్లేస్టేషన్ 2ని మాత్రం పై 5 మీద కూడా ఆశించకూడదు.

రెట్రోపైయా, బటోసెరానా

రెట్రోపై చివరి అధికారిక ఇమేజ్ (మెమరీ కార్డు మీద రాసుకునే మొత్తం సిస్టమ్ ఫైలు) 4.8, 2022 మార్చిలో వచ్చింది. అది పై 4 వరకే. పై 5కి కావాలంటే ముందు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ వేసి, దాని మీద రెట్రోపై స్క్రిప్టును నడిపించుకోవాలి. దీన్ని ఇష్టపడేవాళ్లు చెప్పే కారణం గట్టిదే: కింద మామూలు లైనక్స్ ఉంటుంది, ఏ ఫైలునైనా తెరిచి మార్చుకోవచ్చు, ఆటకో ఎమ్యులేటర్ పెట్టుకోవచ్చు. బటోసెరా వైపు వాదన కూడా సబబే. పై 5కి ఇమేజ్ నేరుగా దొరుకుతుంది, ఏ యంత్రానికి ఏ బయోస్ ఫైలు కావాలో, అది సరైనదో కాదో మెనూలోనే చూపిస్తుంది. అయితే దాని సిస్టమ్ భాగం మూసిపెట్టి ఉంటుంది, లోపల మార్పులు చేయడం రెట్రోపైలో ఉన్నంత తేలిక కాదు. రికాల్‌బాక్స్ బటోసెరా దారిలోనే నడుస్తుంది.

కమాండ్ లైన్ అలవాటు లేనివాళ్లకు బటోసెరానే తక్కువ తలనొప్పి అని నా అభిప్రాయం. ఇప్పటికే పై 3 గానీ పై 4 గానీ ఇంట్లో ఉన్నవాళ్లకు రెట్రోపై 4.8 ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది.

కార్డు రాశాక విండోస్ అడిగే ప్రశ్న

ఇమేజ్ ఫైలును మెమరీ కార్డులోకి మామూలుగా కాపీ చేస్తే బోర్డు బూట్ కాదు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ లాంటి ప్రోగ్రామ్‌తో దాన్ని కార్డు మీద రాయాలి. రాయడం పూర్తయ్యాక విండోస్ తరచూ "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడుగుతుంది. ఇక్కడ అవునని నొక్కి, రాసిందంతా చెరిపేసుకునేవాళ్లు చాలామంది. కార్డులో ఒక భాగం లైనక్స్ పద్ధతిలో ఉంటుంది, విండోస్‌కి అది చదవడం రాదు, అందుకే ఆ ప్రశ్న. 32 జీబీ కార్డు చాలా చిన్న డ్రైవ్‌లా కనిపించడానికీ అదే కారణం. కార్డు చెడిపోలేదు.

కార్డు సైజు విషయంలో చిన్న లెక్క. క్యాసెట్ ఆటలు చోటు తినవు. 8 బిట్ ఆట ఒకటి సాధారణంగా అర ఎంబీ లోపే, సూపర్ నింటెండో ఆట గరిష్ఠంగా 6 ఎంబీ, గేమ్‌బాయ్ అడ్వాన్స్ 32 ఎంబీ. ప్లేస్టేషన్ డిస్క్ ఒక్కటే 700 ఎంబీ దాకా పోతుంది. 32 జీబీ కార్డులో సిస్టమ్ పోగా 24 జీబీ మిగిలితే అలాంటి డిస్కులు 34 పడతాయి. చౌకగా దొరికే 512 జీబీ కార్డుల్లో నకిలీలు ఎక్కువ. అవి అసలు కెపాసిటీ దాటాక రాసినట్టు నటించి, డేటాను పారేస్తాయి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ కార్డు నిండా రాసి, మళ్లీ చదివి నిజం తేలుస్తుంది.

పై 4, పై 5 బోర్డుల్లో రెండు మైక్రో హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్లుంటాయి. కేబుల్‌ను పవర్ సాకెట్ పక్కనున్న దానికే పెట్టాలి. రెండోదానికి పెట్టి "బోర్డు చచ్చిపోయింది" అనుకోవడం మామూలే.

తెర మూలన మెరుపు గుర్తు: చార్జర్ కన్నా వైరే దోషి

పై 4కి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి. వోల్టేజి 4.63కి దిగితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఆట ఉన్నట్టుండి ఈడుస్తూ నడవడానికి ఇంతకన్నా సాధారణమైన కారణం లేదు.

లెక్క వేసి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఫోన్లతో వచ్చే సన్నని కేబుల్‌లో 28 గేజి తీగ ఉందనుకుందాం. దాని నిరోధం మీటరుకు సుమారు 0.21 ఓమ్‌లు. మీటరు కేబుల్‌లో కరెంటు వెళ్లి రావాలి కాబట్టి మొత్తం 0.42. బోర్డు 1.5 ఆంపియర్లు తీసుకుంటే దారిలోనే 0.63 వోల్టు పోతుంది. చార్జర్ 5.1 వోల్టులు ఇచ్చినా బోర్డుకి చేరేది 4.47, హద్దు కన్నా తక్కువ. అదే 22 గేజి తీగ అయితే మీటరుకు 0.053 ఓమ్‌లు, పోయేది 0.16 వోల్టు, చేరేది 4.94. చార్జర్ అదే, బోర్డు అదే, తీగ మందం ఒక్కటే మారింది. కంపెనీ సొంత అడాప్టర్‌కి కేబుల్ విడిగా లేకుండా అతికించి ఉండటం, అది 5కి బదులు 5.1 వోల్టులు ఇవ్వడం ఈ లెక్క కోసమే.

"మా ఇంట్లో 65 వాట్ల చార్జర్ ఉంది కదా" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ 65 వాట్లు 20 వోల్టుల దగ్గర ఇచ్చేవి. పై బోర్డు తీసుకునేది 5 వోల్టులే, ఆ వోల్టేజి దగ్గర అలాంటి చార్జర్లు సాధారణంగా 3 ఆంపియర్లు దాటవు. పై 4కి అది సరిపోతుంది. పై 5 అడిగేది 5 ఆంపియర్లు. 3 ఆంపియర్ల చార్జర్‌తో కూడా అది లేస్తుంది గానీ, యూఎస్‌బీ సాకెట్లన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. రెండు జాయ్‌స్టిక్‌లకు ఇబ్బంది ఉండదు. వాటికి తోడు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ తగిలిస్తేనే అది మధ్యలో మాయమవుతూ ఉంటుంది.

వేడి సంగతీ ఇలాంటిదే. పై 4 సుమారు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. చిప్ వేడికీ గది వేడికీ మధ్య తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. 25 డిగ్రీల గదిలో 68 దగ్గర నిలిచే బోర్డు, రోహిణి కార్తెలో 40 డిగ్రీల గదిలో 83కి చేరుతుంది. విదేశాల్లో తీసిన వీడియోలో ఫ్యాన్ లేకుండా నడిచిందని ఇక్కడా నడుస్తుందనుకోకూడదు. వేడిని లాగే అల్యూమినియం పెట్టె గానీ, చిన్న ఫ్యాన్ గానీ మన ఎండలకు తప్పనిసరి.

కరెంటు కోతతో ఇంకో నష్టముంది. ఆటలోనే సేవ్ చేసినా, రెట్రోఆర్చ్ మామూలుగా ఆ సేవ్‌ను కార్డు మీద రాసేది ఆటలోంచి బయటికి వచ్చినప్పుడే. రెండు గంటలు ఆడి సేవ్ చేశాక కరెంటు పోతే ఆ రెండు గంటలూ పోయినట్టే. సేవింగ్ సెట్టింగుల్లో ఆటోసేవ్ వ్యవధిని 10 సెకన్లో, 30 సెకన్లో పెడితే ఈ బాధ తప్పుతుంది.

ఆర్కేడ్ జిప్‌లు తెరుచుకోకపోవడం

ఎక్కువమంది విసిగి వదిలేసేది ఇక్కడే. క్యాసెట్ ఆట రోమ్ ఒకే ఫైలు, దాన్ని ఆ యంత్రానికి రాసిన ఏ ఎమ్యులేటర్ అయినా దాదాపుగా చదువుతుంది. ఆర్కేడ్ ఆట అలా కాదు. జిప్‌లో ఆ సర్క్యూట్ బోర్డు మీద ఉన్న ఒక్కో చిప్‌కి ఒక్కో ఫైలు ఉంటుంది. ప్రతి ఫైలు పేరు, సైజు, చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) ఎమ్యులేటర్‌లో రాసిపెట్టి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ మేమ్ అనే ఆర్కేడ్ ఎమ్యులేటర్ బృందం చిప్‌లను మళ్లీ చదివి, తప్పులు దిద్ది, కొత్త ఫైళ్లు చేర్చుతూ వచ్చింది. కాబట్టి ఒకే ఆట జిప్ ఒక వెర్షన్‌లో నడిచి ఇంకో వెర్షన్‌లో నడవదు.

మేమ్ 2003 అనే కోర్‌కి కావాల్సింది 0.78 వెర్షన్ సెట్, అంటే మేమ్ ఆ వెర్షన్‌కి సరిపోయే జిప్‌లు. మేమ్ 2010కి 0.139. ఎఫ్‌బీ నియో అనే మరో ఆర్కేడ్ కోర్‌కి అయితే ఎప్పటికప్పుడు దాని తాజా వెర్షన్‌తో సరిపోయే సెట్. 0.139 జిప్‌ను మేమ్ 2003 ఫోల్డర్‌లో వేశారనుకోండి. జాబితాలో పేరు కనిపిస్తుంది, నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి మెనూ తిరిగొస్తుంది. ఏ తప్పూ చెప్పదు. కొన్ని ఆటలు నడుస్తాయి కూడా, ఎందుకంటే ఆ రెండు వెర్షన్ల మధ్య వాటి చిప్ ఫైళ్లు మారలేదు. దాంతో గందరగోళం ఇంకా ముదురుతుంది.

దీనికి తోడు అసలు ఆట, దాని రకాలు అనే తేడా ఉంది. జపాన్ విడుదలను అసలుగా, అమెరికా విడుదలను దాని రకంగా లెక్కించారనుకుందాం. స్ప్లిట్ పద్ధతి సెట్‌లో రెండోదాని జిప్‌లో తేడా ఉన్న చిప్‌లు మాత్రమే ఉంటాయి. పక్కన అసలు జిప్ లేకపోతే అది నడవదు. నియోజియో అనే ఆర్కేడ్ యంత్రం ఆటలకైతే ఆ బోర్డు బయోస్ జిప్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. ఈ జిప్‌లను విప్పకూడదు, పేరు మార్చకూడదు. ఎమ్యులేటర్ ఆటను గుర్తుపట్టేది జిప్ పేరుతోనే.

ప్లేస్టేషన్ ఫైళ్లలో పొరపాటు వేరే రకం. బిన్ ఫైలులో డేటా ఉంటుంది, క్యూ ఫైలులో ఆ బిన్ పేరు, ట్రాకుల వివరం అక్షరాల్లో రాసి ఉంటాయి. బిన్ పేరు మార్చి క్యూ లోపల మార్చకపోతే ఆట దొరకదు. సీహెచ్‌డీ రకంలోకి మార్చుకుంటే రెండూ ఒకే ఫైలవుతాయి, సైజూ తగ్గుతుంది. బయోస్ ఫైలు సరిగ్గా 5,24,288 బైట్లు ఉండాలి. లైనక్స్‌లో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు వేరువేరు కాబట్టి పేరు చిన్నబడిలోనే ఉండాలి.

చిన్నప్పటి ఆట ఇప్పుడు వేగంగా ఎందుకు నడుస్తోంది

1990ల్లో మన ఊళ్లలో దొరికిన "9999 ఇన్ 1" క్యాసెట్ల టీవీ గేములు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లు. ఫామికామ్‌కి జపాన్ బయట పేరు ఎన్‌ఈఎస్, అందుకే వాటి ఆటలు ఎన్‌ఈఎస్ ఫోల్డర్‌లో నడుస్తాయి. నడుస్తాయి గానీ, సంగీతం ఏదో పరుగెడుతున్నట్టు, ఆట కష్టమైపోయినట్టు అనిపిస్తుంది. అది భ్రమ కాకపోవచ్చు.

మన టీవీ పద్ధతి పాల్, సెకనుకు 50 సార్లు తెర మారుతుంది. జపాన్, అమెరికాల్లో 60. పాల్ దేశాల కోసం తైవాన్ చిప్‌లతో చేసిన నకళ్లు 60కి రాసిన ఆటలనే 50 దగ్గర నడిపేవి. ఆట లెక్కంతా ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి వేగం ఆరింట అయిదు వంతులకి తగ్గేది. 3 నిమిషాల పాట 3 నిమిషాల 36 సెకన్లు మోగేది. అయినా శ్రుతి తగ్గేది కాదు. స్వరాన్ని నిర్ణయించేది ప్రాసెసర్ గడియారం, అది జపాన్ యంత్రంలో 1.79 మెగాహెర్ట్జ్ అయితే ఈ నకళ్లలో 1.77. శ్రుతి అదే, నడక మాత్రం నెమ్మది. చెవిలో మిగిలిపోయింది ఆ నడకే.

ఎన్‌ఈఎస్ ఆటలను నడిపే ఎఫ్‌సీఈయూఎమ్‌ఎమ్ కోర్‌లో రీజియన్ ఆప్షన్ కింద "డెండీ" అని ఒక ఎంపిక ఉంటుంది. రష్యాలో అమ్మిన ఇలాంటి నకలు పేరు అది. దాన్ని ఎంచుకుంటే పాత నడక తిరిగొస్తుంది. టీవీ 60 హెర్ట్జ్‌లో ఉంటే కదలిక కుదుపుగా కనిపిస్తుంది కాబట్టి హెచ్‌డీఎమ్‌ఐని 50 హెర్ట్జ్‌కి మార్చుకోవాలి. "ఆట తయారైన వేగంలోనే ఆడాలి" అనేవాళ్లున్నారు, "నేను ఆడిన వేగమే నాకు అసలు" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ న్యాయమైన కోరికలే, సెట్టింగ్ ఒక్కటే తేడా.

బటన్ నొక్కాక ఆలస్యం, తెర మీద నల్ల అంచులు

పాత డబ్బా టీవీ వచ్చిన సిగ్నల్‌ను వచ్చినట్టే గీసేది. ఇప్పటి టీవీ ముందు బొమ్మకు మెరుగులు దిద్దుతుంది. గేమ్ మోడ్ పెట్టకపోతే అందులోనే 50 నుంచి 100 మిల్లీసెకన్లు, అంటే మూడు నుంచి ఆరు ఫ్రేములు పోవచ్చు. ముందు ఆ మోడ్ పెట్టాలి. మిగతావన్నీ తర్వాత.

ఆపైన రెట్రోఆర్చ్‌లో రన్ అహెడ్ ఉంది. చాలా ఆటలు సహజంగానే బటన్ నొక్కిన ఒకటి రెండు ఫ్రేముల తర్వాత స్పందిస్తాయి. రన్ అహెడ్ ఆ ఫ్రేములను చూపకుండా లోపలే నడిపి, ఫలితాన్ని ముందే తెర మీదికి తెస్తుంది. దానికి ధర ఉంది. ఒక ఫ్రేముకి 5 మిల్లీసెకన్లు పడితే, ఒక ఫ్రేము ముందుకి పెట్టినప్పుడు 10, రెండు పెడితే 15. హద్దు 16.7 అని గుర్తుంచుకుంటే పై 3 మీద ఇది ఎందుకు తడబడుతుందో, పై 5 డబ్బుకి విలువ ఎక్కడ వస్తుందో తెలుస్తుంది.

బొమ్మ కొలత కూడా లెక్కే. 8 బిట్ ఆట ఎత్తు 240 గీతలు, టీవీది 1080. భాగిస్తే 4.5. తెర నిండా సాగదీస్తే కొన్ని గీతలు 4 పిక్సెళ్లు, కొన్ని 5 పిక్సెళ్లు అయి, బొమ్మ కదిలేటప్పుడు అలలు పోతుంది. సరిగ్గా 4 రెట్లు పెడితే 960, పైనా కిందా 60 పిక్సెళ్ల నల్ల అంచు. 5 రెట్లు పెడితే 1200, అంటే ఆటలోని 24 గీతలు తెర దాటిపోతాయి. పాత టీవీలు కూడా అంచు గీతలు కొన్ని దాచేవి కాబట్టి చాలా ఆటల్లో ఈ కోత తెలియదు. స్కోరు మరీ పైన రాసే ఆటల్లో మాత్రం తెలుస్తుంది.

చట్టం ఏమంటుంది

ఎమ్యులేటర్ రాయడం తప్పు కాదని అమెరికాలో సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లో వచ్చిన అప్పీలు కోర్టు తీర్పు బలపరిచింది. వివాదమంతా రోమ్‌లు, బయోస్‌ల గురించి. మన కాపీరైట్ చట్టం 1957 కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య కృతిగా చూస్తుంది. 52వ సెక్షన్ ప్రకారం, చట్టబద్ధంగా సంపాదించుకున్న సొంత కాపీ నుంచి, వ్యాపారం కోసం కాకుండా సొంత వాడకానికి నకలు తీసుకోవచ్చు. మీ దగ్గరున్న క్యాసెట్‌ను రీడర్‌తో చదివించుకోవడానికి ఆ వెసులుబాటు ఆధారమవుతుంది. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన ఫైలు దించుకోవడం దాని కిందికి వస్తుందని చెప్పలేం, ఇంట్లో అదే క్యాసెట్ ఉన్నా సరే. పదివేల ఆటలు నింపి అమ్మే కార్డులకు అయితే ఏ సమర్థనా లేదు.

హక్కుదారులు తమ పాత ఆటలను ఇప్పటికీ అమ్ముకుంటున్నామని, ఉచిత కాపీలు ఆ మార్కెట్‌ను దెబ్బతీస్తాయని అంటారు. భద్రపరిచేవాళ్ల వాదన మరోలా ఉంది. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అయినా లైబ్రరీలు అలాంటి ఆటలను దూరం నుంచి పరిశోధకులకు అందించడానికి మినహాయింపు ఇవ్వాలన్న విన్నపాన్ని 2024 అక్టోబర్‌లో అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు.

ఈ గొడవ లేకుండా బోర్డును పరీక్షించుకోవడానికి హోమ్‌బ్రూ ఆటలున్నాయి. పాత యంత్రాల కోసం ఇప్పటి ప్రోగ్రామర్లు కొత్తగా రాసి, చాలావాటిని ఉచితంగా పంచుతున్న ఆటలవి. అలాంటి 8 బిట్ రోమ్ ఒకటి ఎన్‌ఈఎస్ ఫోల్డర్‌లో వేసి, మెనూను మళ్లీ లోడ్ చేయిస్తే కార్డు, పవర్, జాయ్‌స్టిక్, టీవీ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఆ ఆట చక్కగా నడిచి, తర్వాత వేసిన ఆర్కేడ్ జిప్ నడవకపోతే, వెతకాల్సింది ఆ జిప్ వెర్షన్‌నే.